ఈక్వడార్‌కు కుదిరిన బేరం మనకెందుకు కుదరలేదు?

చెరువుగట్టు

భీమవరానికి దగ్గరలో నాకు సొంతానివి నాలుగెకరాలు, లీజుకు తీసుకున్నవి ఆరెకరాలు వనామీ రొయ్యల చెరువులున్నాయి. అమెరికా మన సరుకు మీద వేసిన సుంకం 2025 ఆగస్టు 27 నాటికి 50 శాతానికి చేరింది. దానికి పాత కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ (మన ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసేది) 5.77, యాంటీ డంపింగ్ డ్యూటీ (న్యాయమైన ధర కంటే తక్కువకు అమ్ముతున్నామని వేసేది) 2.49 కలిపితే 58.26 శాతమని మా దగ్గర సరుకు కొనే ఆయన కాగితం మీద కూడి చూపించాడు. సరిగ్గా ఆ వారంలోనే మా పెద్ద చెరువు పట్టుబడికి వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి వల లాగి, కిలో తూచి లెక్కపెడితే అరవై కౌంట్ తేలింది. ముందురోజు సాయంత్రం ఫోనులో ఒప్పుకున్న ధరకు కిలోకు నలభై రూపాయలు తగ్గించి, ఇష్టమైతేనే ఐసు కొట్టిస్తానని ఆయన గట్టు మీద నిలబడి చెప్పాడు. వల పైకి వచ్చిన రొయ్యను మళ్ళీ నీళ్ళలో వదలలేము కాబట్టి ఒప్పుకున్నాను.

అదే రొయ్యను పెంచే దక్షిణ అమెరికా దేశం ఈక్వడార్‌కు 15 శాతమే పడింది. ఆ దేశ జనాభా రెండు కోట్లు కూడా లేదు, 2000 నుంచి సొంత కరెన్సీ కూడా లేకుండా డాలరునే వాడుకుంటోంది. అలాంటి దేశానికి కుదిరిన బేరం నూట నలభై కోట్ల మందిమి ఉన్న మనకెందుకు కుదరలేదు? బలహీనమైన దేశం బలమైన దేశంతో వ్యాపారంలో బేరమాడి నెగ్గడం అనేది నిజంగా ఉంటుందా, లేక అంతా పెద్దవాడి దయేనా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

రేవుగాలి

ఇందులో బేరం ఏమీ లేదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రకటించిన సుంకాలకు వాడిన సూత్రం చాలా మొరటుది. ఒక దేశంతో సరుకుల వ్యాపారంలో అమెరికాకు ఎంత లోటు ఉందో, దానిని ఆ దేశం నుంచి వచ్చే దిగుమతుల విలువతో భాగించి, వచ్చినదానిలో సగం వేశారు. ఎవరికైనా 10కి తగ్గకుండా చూశారు. ఆ లెక్కలో మనకు 26, ఈక్వడార్‌కు 10 పడ్డాయి. ఆగస్టులో వారిది 15 అయింది, మనది 25 అయింది, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో మరో 25 వచ్చి చేరింది. ఈక్వడార్ సొంత చమురు అమ్ముకునే దేశం కాబట్టి ఆ తగాదా వారికి లేదు. దీనిని వారి చాకచక్యం అనలేము.

నల్లరేగడి

ఆ సూత్రంతోనే ఆఫ్రికాలోని లెసోతోకు 50 శాతం పడింది. జీన్సు ప్యాంట్లు కుట్టి అమెరికాకు పంపే ఇరవై లక్షల పైచిలుకు జనం ఉన్న దేశమది. తరువాత 15కు తగ్గించారు గాని, ఈలోగా ఆర్డర్లు ఆగిపోయి, నిరుద్యోగం భరించలేక జులైలో జాతీయ విపత్తు స్థితి ప్రకటించుకున్నారు. బేరం మొదలయ్యే లోపే నష్టం జరిగిపోయింది.

ఒప్పందాల_పెట్టె

రేవుగాలి గారు 2025 సంవత్సరాన్ని మాత్రమే చూస్తున్నారు. ఈక్వడార్ కథ అంతకు ముప్పై ఏళ్ళ ముందు మొదలయింది. చెరువుగట్టు గారి ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నేను నమ్ముతున్నాను కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తాను.

ఆ దేశం 1996 జనవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో చేరింది. చేరిన మరుసటి నెలలోనే ఐరోపా సమాఖ్య అరటిపండ్ల విధానం మీద అమెరికా, గ్వాటెమాలా, హోండురాస్, మెక్సికోలతో కలిసి ఫిర్యాదు చేసింది. ఐరోపా తన పాత వలసల పండుకు దారి తెరిచి, మిగతావారి పండుకు కోటాలు పెట్టడమే అసలు తగాదా. తీర్పు ఈక్వడార్ వైపు వచ్చింది, అయినా ఐరోపా పైపై మార్పులతో సరిపెట్టింది. అప్పుడు ఎదురు సుంకం వేసుకునే హక్కు ఉంటుంది. కాని ఈక్వడార్ ఐరోపా నుంచి కొనేది ఎక్కువగా యంత్రాలూ పరికరాలూ కాబట్టి వాటి మీద సుంకం వేస్తే సొంత రైతు, సొంత ఫ్యాక్టరీ నష్టపోతాయి. పెద్దదేశానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

అందుకని సరుకుల మీద చేయలేని ప్రతిచర్యను సేవల మీద, మేధోసంపత్తి హక్కుల మీద చేయనివ్వమని వారు అడిగారు. అంటే ఐరోపా పాటల రికార్డుల హక్కులు, సరుకు పుట్టిన ఊరి పేర్ల మీద హక్కులు తమ గడ్డ మీద తాత్కాలికంగా చెల్లవని ప్రకటించే హక్కు. 2000 మార్చిలో మధ్యవర్తులు ఏడాదికి 20.16 కోట్ల డాలర్ల మేరకు ఆ హక్కు ఇచ్చారు. అటువంటి అనుమతి ఒక దేశానికి రావడం అదే మొదటిసారి. దానిని వారు ఒక్కరోజు కూడా వాడలేదు. 2001 ఏప్రిల్‌లో ఐరోపా వచ్చి ఒప్పందం చేసుకుంది. ఆ తరువాత కూడా కేసులు నడిచి, 2009 డిసెంబరులో టన్నుకు 176 యూరోల సుంకాన్ని దశలవారీగా 114కు దించే ఒడంబడిక కుదిరింది.

ఇక రొయ్య. 2003 చివర అమెరికా దక్షిణ తీరపు జాలర్ల సంఘం ఆరు దేశాల మీద డంపింగ్ ఫిర్యాదు చేసింది. మనమూ ఈక్వడారూ ఆ జాబితాలో ఉన్నాము. అమెరికా లెక్క కట్టే పద్ధతిలో జీరోయింగ్ అనే కిటుకు ఉండేది. మీరు పది లాట్లు అమ్మారనుకోండి. అయిదు లాట్లు న్యాయమైన ధర కంటే తక్కువకు, అయిదు ఎక్కువకు అమ్మారు. తక్కువ పడినవాటిని లెక్కలోకి తీసుకుని, ఎక్కువ పడినవాటి తేడాను సున్నాగా వేస్తారు. అప్పుడు ఎవరైనా దొంగగానే తేలతారు. ఈక్వడార్ ఈ ఒక్క అంశం మీద కేసు వేసింది. 2007 జనవరిలో తీర్పు వచ్చింది, అమెరికా అప్పీలుకు కూడా వెళ్ళలేదు. మళ్ళీ లెక్క కట్టాక ఆ సుంకమే ఎత్తివేశారు.

చెరువుగట్టు

ఇది నాకు పూర్తిగా కొత్త విషయం. మరి అప్పుడు మనం ఆ కేసు ఎందుకు వేయలేదు?

ఒప్పందాల_పెట్టె

మనం కేసు వేశాము, కాని వేరే అంశం మీద. అప్పట్లో అమెరికా దిగుమతిదారులు యాంటీ డంపింగ్ సుంకం కట్టడమే కాకుండా, అంతకు ముందు ఏడాది సరుకు మీద పడే సుంకానికి సమానమైన బాండు కూడా కస్టమ్స్‌కు ఇవ్వవలసి వచ్చేది. ఆ నిబంధన ఆచరణలో రొయ్య మీదే పెట్టారు. చిన్న దిగుమతిదారుల డబ్బంతా బాండ్లలో ఇరుక్కుపోయి వారు కొనడం మానుకున్నారు. మనమూ థాయిలాండూ దాని మీద వెళ్ళి 2008లో నెగ్గాము. బాండు పోయింది, సుంకం మిగిలింది. నా అభిప్రాయంలో ఇద్దరూ నెగ్గినా ఈక్వడార్ వేరును పట్టుకుంది, మనం కొమ్మను పట్టుకున్నాము.

రేవుగాలి

ఒప్పందాల_పెట్టె గారు చెప్పిన చరిత్ర సరైనదే, కాని అదంతా కోర్టు బతికి ఉన్న రోజుల మాట. అమెరికా కొత్త సభ్యుల నియామకాన్ని అడ్డుకోవడం వల్ల డబ్ల్యూటీవో అప్పీలు బెంచి 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ఓడినవాడు అప్పీలు చేస్తే చాలు, కేసు గాలిలో వేలాడుతుంది.

కోర్టు బతికి ఉన్నప్పుడు మాత్రం ఏం జరిగింది? లక్షకు అటూఇటూ జనాభా ఉన్న కరీబియన్ ద్వీపదేశం ఆంటిగ్వా, ఆన్‌లైన్ జూదం సేవలను అమెరికా అడ్డుకుంటోందని 2003లో ఫిర్యాదు చేసి 2005లో నెగ్గింది. నష్టం 344 కోట్ల డాలర్లని ఆంటిగ్వా అంటే, 5 లక్షలేనని అమెరికా అన్నది. మధ్యవర్తులు ఏడాదికి 2.1 కోట్లు కట్టారు. మేధోసంపత్తి హక్కులను పక్కన పెట్టే అనుమతి కూడా వచ్చింది. ఆ అనుమతిని ఆంటిగ్వా వాడుకోలేకపోయింది, అమెరికా తన చట్టం మార్చుకోలేదు. అరటిపండ్లలో పనిచేసిన ఆయుధమే ఇక్కడ పనిచేయలేదు. కాబట్టి గెలుపు తీర్పులో లేదు.

పాతపటం

మీ ఇద్దరి మధ్యా నేనొక పాత సంగతి చెబుతాను. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నా మనసు అటే పోతుంది.

1952లో సిలోనుకు (ఇప్పటి శ్రీలంక) రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. కొరియా యుద్ధపు గిరాకీ తగ్గి రబ్బరు ధర పడిపోయింది, తినడానికి బియ్యం దొరకలేదు, దొరికిన బియ్యం ధర మండిపోయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు అయింది ఆ దేశం పని. రబ్బరుకు మంచి ధర, బియ్యానికి సాయం కావాలని అమెరికాను అడిగితే అనుకూలమైన జవాబు రాలేదు. అప్పుడు వాణిజ్యమంత్రి ఆర్.జి. సేనానాయకె చైనాతో మాట్లాడారు. అప్పట్లో చైనాకు రబ్బరు అమ్మకూడదని అమెరికా కట్టడి ఉండేది. సిలోను ప్రభుత్వం కమ్యూనిస్టులకు ఆమడదూరంలో ఉండే పార్టీది. అప్పటికి ఆ దేశానికి ఐక్యరాజ్య సమితి సభ్యత్వం కూడా లేదు. అయినా డిసెంబరులో అయిదేళ్ళ ఒప్పందం మీద సంతకం చేశారు: ఏటా 2.7 లక్షల టన్నుల బియ్యం వస్తుంది, 50 వేల టన్నుల రబ్బరు పోతుంది, రబ్బరుకు మార్కెట్ ధర కంటే ఎక్కువ వస్తుంది. అమెరికా కోపగించి సాయం నిలిపివేసింది. సిలోను వెనక్కి తగ్గలేదు. ఆ ఏర్పాటు మళ్ళీ మళ్ళీ పొడిగించుకుంటూ 1982 వరకు నడిచింది.

సిలోనుకు కోర్టు లేదు, సైన్యం లేదు. రెండో కొనుగోలుదారు ఉన్నాడు, అంతే.

నల్లరేగడి

మాస్టారు, సిలోను దగ్గర అవతలివాడికి అత్యవసరమైన సరుకు ఉంది. అది లేకపోతే రెండో కొనుగోలుదారు కూడా మొదటివాడిలాగే ప్రవర్తిస్తాడు. ఈక్వడార్ రొయ్యలో దాదాపు సగం చైనాయే కొంటుంది. 2020 జులైలో కంటైనరు గోడ మీద, బయటి అట్టపెట్టెల మీద వైరస్ జాడ కనిపించిందని మూడు ఈక్వడార్ కంపెనీల సరుకును చైనా నిలిపివేసింది; లోపలి రొయ్యలో ఏమీ దొరకలేదు. పెద్ద కొనుగోలుదారు ఎవరైనా పెద్ద కొనుగోలుదారే.

ఒప్పందాల_పెట్టె

అక్కడే ఈక్వడార్‌ను గమనించాలి. చైనా ఆపినప్పుడు అమెరికాలో అమ్మకాలు పెంచుకున్నారు. తరువాత చైనాతో కూర్చుని 2023 మేలో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసి, 2024 మే 1 నుంచి అమలులోకి తెచ్చారు. అమెరికా సుంకం వచ్చేనాటికి వారికి రెండో తలుపు ముందే తెరిచి ఉంది. పాతపటం మాస్టారి మాటకు ఇది ఈనాటి రూపం.

వనజ_కాకినాడ

ప్రాసెసింగ్ ప్లాంటులో పదకొండేళ్ళుగా సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఈక్వడార్ చైనాకు పంపేది ఎక్కువగా తలతో ఉన్న రొయ్య. మన దగ్గర నుంచి అమెరికాకు పోయేది ఎక్కువగా ఒలిచి, నరం తీసి, గడ్డకట్టించిన సరుకు. మా షెడ్డులో మూడు వందల మంది ఆడవాళ్ళు ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రోజంతా ఒలుస్తారు, సాయంత్రానికి వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడి స్పర్శ తెలియదు. అంత చేతిపని అంత కూలికి చేసేవారు ఈక్వడార్‌లో దొరకరు. అమెరికా హోటళ్ళకు మన సరుకు అలవాటు కావడానికి కారణం అది. కాబట్టి మన దగ్గర ఏమీ లేదని అనకండి. మనకున్న బలం ఆ వేళ్ళు. ఆర్డరు తగ్గితే ముందు పని పోయేదీ వారికే. సెప్టెంబరులో వారానికి ఆరు రోజుల పని నాలుగు రోజులకు వచ్చింది.

అట్లాంటా_తెలుగు

వనజ గారి మాట నిజమని ఈ చివర నుంచి చెప్పగలను. హోటళ్ళకు గడ్డకట్టిన చేపలు, రొయ్యలు సరఫరా చేసే సంస్థలో కొనుగోళ్ళ విభాగంలో ఉన్నాను. మా గోదాములో ఒలిచిన రొయ్య సంచి ఏది తిప్పి చూసినా వెనుక భారతదేశం పేరే ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికా తినే రొయ్యలో తొంభై శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది.

ఒక సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. సుంకాన్ని కస్టమ్స్‌కు కట్టేది ఇక్కడి దిగుమతిదారు. ఆయన దానిని హోటలు మీదకు తోయడానికి చూస్తాడు. హోటలు మెనూ ధర వెంటనే పెంచదు. అప్పుడు ఎగుమతిదారు మీదకు తోస్తాడు. ఎగుమతిదారు రైతు మీదకు తోస్తాడు. మా శీతల గోదాములో సరుకు ఆరు నెలలు ఆగుతుంది, ఎగుమతిదారు గోదాములో కొన్ని నెలలు ఆగుతుంది, చెరువుగట్టు గారి వలలో రొయ్య ఒక గంట కూడా ఆగదు. ఆగలేనివాడి మీదకు సుంకం చేరుతుంది. దేశాల మధ్య బేరం కూడా ఇలాగే జరుగుతుందని నాకనిపిస్తుంది.

చెరువుగట్టు

మీ చివరి మాట నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. గట్టు మీద జరిగింది సరిగ్గా అదే.

ఓరుగల్లు_పత్తి

రొయ్య రైతుల బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఈ బేరంలో అమెరికాకు మనం ఏమి ఇవ్వాలో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

2025 ఆగస్టు 19 నుంచి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం ఎత్తివేసింది. మొదట సెప్టెంబరు 30 వరకు అన్నారు, తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించారు. అమెరికా సుంకంతో దెబ్బతిన్న బట్టల పరిశ్రమకు ఊరట కోసమని చెప్పారు. అక్టోబరులో మా పత్తి తీత మొదలవుతుంది. మిల్లులు బయటి పత్తితో గోదాములు నింపుకున్నాక మేము వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తీసుకుని వెళ్ళాలి. ఎవరి సుంకానికి ఎవరి పంట చెల్లిస్తోంది?

పత్తిలో బేరం ఎలా నడుస్తుందో నాకు మా నాన్న కాలం నుంచి తెలుసు. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోతోందని 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి అనే నాలుగు పేద దేశాలు లేచాయి. బుర్కినా ఫాసో అధ్యక్షుడు స్వయంగా జెనీవా వెళ్ళి మాట్లాడాడు. దానము కాదు, న్యాయమైన ధర కావాలని అడిగారు. ఆ ఏడాది సెప్టెంబరులో డబ్ల్యూటీవో కాంకున్ సమావేశం తెగకుండానే ముగిసింది. అదే సమయంలో బ్రెజిల్ కేసు వేసి 2005లో నెగ్గింది. 2009లో మధ్యవర్తులు ప్రతిచర్య విలువ కట్టారు. బ్రెజిల్ ఏయే అమెరికా సరుకుల మీద సుంకం వేయబోతోందో జాబితా బయటపెట్టేసరికి, 2010 ఏప్రిల్‌లో అమెరికా ఏటా 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి రంగానికి ఇస్తానని ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్లు ఇచ్చి కేసు ముగించారు. అంటే అమెరికా తన రైతుకు సబ్సిడీ ఇస్తూనే బ్రెజిల్ రైతుకు కూడా డబ్బిచ్చింది. ఆ నాలుగు ఆఫ్రికా దేశాలకు, మా వరంగల్ రైతుకు ఏమీ రాలేదు. ఆ రోజుల్లో మా పక్క ఊళ్ళో పురుగుమందు తాగి పోయినవారి పేర్లు నాకింకా గుర్తున్నాయి.

పాతపటం

బ్రెజిల్‌కు అమెరికా సరుకు కొనే పెద్ద మార్కెట్ ఉంది కాబట్టి బెదిరింపు పనిచేసింది. చాద్ అమెరికా నుంచి కొనేది ఎంత? అక్కడే తేడా వచ్చింది.

రేవుగాలి

ఓరుగల్లు_పత్తి గారి ప్రశ్న ఈ చర్చ మొత్తానికీ ముఖ్యమైనది. బంగ్లాదేశ్‌కు మొదట 37 వేశారు, 20కి దిగింది. దాని కోసం ఏటా 7 లక్షల టన్నుల చొప్పున అయిదేళ్ళు అమెరికా గోధుమ కొంటామని, 25 బోయింగ్ విమానాలు కొంటామని ఢాకా ఒప్పుకుంది. గోధుమ ఎలాగూ దిగుమతి చేసుకునే దేశం కాబట్టి వారికి అది చౌకగా తేలింది. మనల్ని అడిగింది జన్యుమార్పిడి మొక్కజొన్న, సోయా, పాలకు మార్కెట్ తెరవమని. మనకు వాటిని పండించే కుటుంబాలు కోట్లలో ఉన్నాయి.

చెరువుగట్టు

ఓరుగల్లు_పత్తి గారికి: మీ పత్తిని ఇచ్చి నా రొయ్యకు సుంకం తగ్గించమని నేను కోరను. మొదటి పోస్టులో నాకు ఆ ఆలోచనే రాలేదు, అది నా పొరపాటు. మా దగ్గర కోళ్ళ ఫారాలవారు కూడా ఇదే భయంతో ఉన్నారు.

కూకట్‌పల్లి_కుర్రాడు

భారతదేశాన్ని బెనిన్, ఆంటిగ్వాల పక్కన నిలబెట్టి మాట్లాడటం సబబేనా? మనం బలహీనులమని మనమే అనుకుంటే అవతలివాడు ఎందుకు గౌరవిస్తాడు?

బాలానగర్_మందులు

బలహీనత మొత్తం దేశానికి ఒకే కొలతలో ఉండదు, వస్తువును బట్టి ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు బల్క్ డ్రగ్ యూనిట్లలో కెమిస్టుగా పనిచేశాను కాబట్టి మందుల సంగతి చెబుతాను.

1989లో సూపర్ 301 అనే చట్టం (తమ వ్యాపారానికి దారి మూసిన దేశాల మీద ఎదురు చర్యకు వాడేది) కింద అమెరికా జపాన్, బ్రెజిల్‌తో పాటు మన పేరు కూడా ప్రకటించింది. పెట్టుబడులు, బీమా తెరవాలన్నది. చట్టం కత్తి మెడ మీద పెట్టుకుని మాట్లాడబోమని మన ప్రభుత్వం అన్నది. 1990లో వారే ప్రతిచర్య లేకుండా వదిలారు. అంతటితో ఆగలేదు. పేటెంట్ల విషయంలో లొంగలేదని 1992లో మన మందులకు ఉన్న సుంకం మినహాయింపును తీసివేశారు. సుమారు 6 కోట్ల డాలర్ల సరుకు మీద దెబ్బ పడింది. మేము ఆ ఏడాది ఒక ఉత్పత్తి లైను ఆపేశాము, షిఫ్టు రద్దయింది.

అయినా డబ్ల్యూటీవో పుట్టుకకు దారితీసిన ఉరుగ్వే రౌండ్ చర్చల ముగింపులో మనం సంతకం చేయక తప్పలేదు. మనవారు సాధించినది గడువు: మందుల మీద ప్రొడక్ట్ పేటెంటు (తయారీ పద్ధతికి కాక మందుకే ఇచ్చేది) 2005 వరకు ఇవ్వనక్కర్లేదు. ఆ పదేళ్ళలో బాలానగర్, జీడిమెట్ల, పాశమైలారం యూనిట్లు ఎంత నేర్చుకున్నాయో నా కళ్ళతో చూశాను. రియాక్టరు దగ్గర నిలబడి, ఒక్కొక్క దశలో దిగుబడి అర శాతం పెంచడానికి రాత్రుళ్ళు గడిపాము. 2001లో 39 మందుల కంపెనీలు దక్షిణాఫ్రికా ప్రభుత్వం మీద వేసిన కేసును ప్రపంచమంతా నిరసించడంతో ఏప్రిల్‌లో ఉపసంహరించుకున్నాయి. అక్టోబరులో అమెరికాకే ఆంథ్రాక్స్ భయం వచ్చి, దానికి వాడే సిప్రోఫ్లాక్సాసిన్ మందు ధర తగ్గించమని కంపెనీ మెడలు వంచవలసి వచ్చింది. నవంబరులో డబ్ల్యూటీవో దోహా సమావేశంలో ఆఫ్రికా దేశాలూ బ్రెజిలూ మనమూ ఒకే మాట మీద నిలబడి, ప్రజారోగ్యం కోసం పేటెంటును దాటే హక్కును రాతపూర్వకంగా తీసుకున్నాము. ఆ రోజు ఏ ఒక్క దేశం విడిపోయి విడిగా రాయితీ తీసుకున్నా ఆ కాగితం వచ్చేది కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు

ఇది నాకు తెలియదు. ఇప్పుడు దేశాలన్నీ విడివిడిగా వాషింగ్టన్‌కు వెళ్ళి వరుసలో నిలబడటం అందుకే అంత నష్టమా?

బాలానగర్_మందులు

అవును. బంగ్లాదేశ్ 20 తెచ్చుకోగానే మన బట్టల ఎగుమతిదారులకు భయం పట్టుకుంది. ఒకరి రాయితీ పక్కవాడికి గడువులా మారుతుంది.

ఒప్పందాల_పెట్టె

కూకట్‌పల్లి_కుర్రాడు గారి మొదటి ప్రశ్నకు ఇంకొక ముక్క. 2018లో అమెరికా ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసింది. 2019 జూన్‌లో మనం బాదం, యాపిల్, వాల్‌నట్, పప్పుల మీద ఎదురు సుంకం వేశాము. యాపిల్ పండించే వాషింగ్టన్ రాష్ట్రం, బాదం పండించే కాలిఫోర్నియా రైతులు నాలుగేళ్ళు తమ ప్రభుత్వం చుట్టూ తిరిగారు. 2023లో రెండు దేశాలూ పాత కేసులన్నీ కలిపి ముగించుకున్నాయి, మనం ఆ సుంకాలు తీసేశాము. పెద్దదేశం లోపల కూడా గొంతున్న రైతు ఉంటాడు. ఆయన్ను కదిలించగలిగే చోట మనం బలహీనులము కాము.

అట్లాంటా_తెలుగు

రొయ్యలో ఆ గొంతు మనకు వ్యతిరేకంగా ఉంది. లూసియానా, టెక్సాస్ జాలర్లు సుంకం ఇంకా కావాలంటున్నారు, వారికి ఓట్లున్నాయి. మన తరఫున మాట్లాడవలసింది హోటళ్ళవారు. వారికి ఇండోనేషియా నుంచి సరుకు దొరికితే మౌనంగా ఉంటారు.

చెరువుగట్టు

ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు అర్థమైనంతలో మాకు రెండో కొనుగోలుదారు కావాలి. దానికి చెరువు దగ్గర చేయగలిగింది ఏమైనా ఉందా, వనజ గారూ?

వనజ_కాకినాడ

ఉంది. ఐరోపాకు మన రొయ్య వెళితే ప్రతి నూరు కన్‌సైన్‌మెంట్లలో యాభై ఆపి యాంటీబయాటిక్స్ కోసం పరీక్షిస్తారు. 2016కు ముందు పదే పరీక్షించేవారు. ఒక్క కంటైనరు తిరిగి వస్తే ప్లాంటు ఏడాది లాభం పోతుంది. అందుకే చాలామంది ఎగుమతిదారులు ఐరోపా వైపు చూడకుండా అమెరికానే నమ్ముకున్నారు. 2025 సెప్టెంబరులో ఐరోపా మన యూనిట్లు మరో 102కు అనుమతి ఇచ్చింది. బ్రిటన్‌తో 2025 జులై 24న ఒప్పందం మీద సంతకమయింది, దాని ప్రకారం రొయ్య మీద అక్కడ సుంకం ఉండదు. ఆ సరుకు కొనడానికి మా ప్లాంటు వంటివి ముందుగా చూసేది చెరువు పుస్తకం: సీడ్ (రొయ్యపిల్లలు) ఏ హేచరీది, మేత ఏది, ఏ మందు ఏ తేదీన వేశారు. పుస్తకం ఉన్న చెరువు మా దగ్గరకు వచ్చేవాటిలో పదింటికి రెండు కూడా ఉండవు.

ఓరుగల్లు_పత్తి

పుస్తకం రైతు రాస్తాడు, సరే. పరీక్ష చేసే ల్యాబు ప్రతి మండలంలో పెట్టవలసినది ప్రభుత్వం. ఆ బాధ్యత కూడా రైతు మీదకే తోయకండి.

వనజ_కాకినాడ

మీరన్నది న్యాయం. భీమవరంలో ల్యాబు ఉన్నా, కొల్లేరు లోపలి గ్రామాల నుంచి శాంపిల్ తీసుకుని రావడానికి ఒక పూట పడుతుంది.

చెరువుగట్టు

మా గట్టున పన్నెండు మంది రైతులము ఉన్నాము. నిన్న సాయంత్రం మేత వేశాక ఏరియేటర్ల షెడ్డు దగ్గర కూర్చుని ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. రెండు విషయాలు ఒప్పుకున్నారు. వచ్చే పంటకు అందరమూ ఒకే వారంలో సీడ్ వేయకుండా పది రోజుల తేడాతో వేస్తాము, అప్పుడు ఒకేసారి పట్టుబడికి రాదు. ధర కాగితం మీద రాసి సంతకం పెట్టనిదే ఎవరి చెరువులోనూ వల దించము. ఒకరికి తగ్గిస్తే ఆ కొనుగోలుదారుకు మిగతా పదకొండు మందీ అమ్మరు. మందుల పుస్తకం మొదటి పేజీ ఈ రోజు ఉదయం రాశాను. పాత రెండు పంటలవి గుర్తున్నంత వరకు రాయవచ్చా?

వనజ_కాకినాడ

గుర్తున్నవి రాయకండి, బిల్లులు ఉన్నవి మాత్రమే రాయండి. శాంపిల్ మాత్రం పట్టుబడి రోజున కాదు, వారం ముందే ల్యాబుకు పంపండి.